నోళ్లు చిన్నవైన కాలం

మనుషుల నోళ్లు ఏటేటా చిన్నవవుతున్నాయని సిద్ధరాములు తాత నమ్మకం.

"మా కాలంల అన్నం అని ఒక్క మాట అంటె, నోట్లె ముద్ద పెట్టుకునేటంత తెరిసేటోళ్లు. ఇప్పుడేంది? పెదిమెలు కదలయి, పండ్లు కనబడయి. నోరు తెరిస్తె లోపలి సామానంత ఎవడో ఎత్కపోతడన్నట్టు మాట్లాడుతరు" అనేవాడు. అని, నా వైపు తిరిగి, "ఇగో, ఈ పోరిని సూడున్రి. ఎమ్మే సదివింది. అంత సదువు ఎటుకెల్లి లోపలికి పోయిందో గాని, ఒక్క మాట బయటికి రాదు" అని ముగించేవాడు.

షోలాపూర్ దాజీ పేట్‌లో మా చాళీలో వరసగా పదకొండు గదులున్నాయి. అందరూ ఖోలీలనే అంటారు. మాది తొమ్మిదోది, సిద్ధరాములు తాతది పదోది. మధ్య గోడ నడుము ఎత్తు దాకా ఇటుక, ఆ పైన రేకు. అందువల్ల ఆయన సణుగుడంతా మా ఇంట్లో కూడా సణిగినట్టే ఉండేది. నిజానికి దాన్ని సణుగుడు అనకూడదు. ఆయనకు మెల్లగా మాట్లాడడం రాదు. దశరథ్ శేట్ కార్ఖానాలో నలభై ఆరేళ్లు సాంచలు నడిపిన గొంతు అది. సాంచ అంటే కరెంటు మగ్గం. ఒక్క సాంచ నడుస్తుంటేనే పక్కనున్న మనిషి మాట వినబడదు. ఆ కార్ఖానాలో ఇరవై నాలుగు ఉండేవి.

ఆయన తండ్రి సిద్దిపేట దిక్కు నుంచి ఒక రేకు పెట్టె, ఇద్దరు పిల్లలతో షోలాపూర్ వచ్చాడు. తాత పదహారో ఏట సాంచ ముందు నిలబడ్డాడు. మొదట చద్దర్లు, తర్వాత టవళ్లు. పెళ్లి కూడా కార్ఖానాలోనే కుదిరింది. సీతవ్వ అక్కడ కండెలు చుట్టడానికి వచ్చేది. కాగితాల మీద ఆమె సీతాబాయి, చాళీలో అందరికీ సీతవ్వ. ఇరవై నాలుగు సాంచల మోతలో, ఆ చివర నుంచి ఈ చివరకు, శబ్దం లేకుండా పెదవులతోనే వాళ్లిద్దరూ అన్నీ మాట్లాడుకున్నారు. "ఊరంతా వినేటట్టు ఒర్లితె గూడ ఎవ్వనికి వినబడకపోవు. గంత మంచిగుండె" అని తాత అనేవాడు. సీతవ్వ బీడీ ఆకు కత్తిరిస్తూ, "ఏం ఒర్లినవు? ఆకలైతుంది, డబ్బల ఏమున్నదని అడిగినవు" అనేది.

కార్ఖానా వాళ్లందరికీ ఆ భాష వచ్చు. దానికి కొన్ని సైగలు తోడు. రెండు వేళ్లు చిటికెలా కలిపితే పోగు తెగిందని. పిడికిళ్లు గిరగిర తిప్పితే సాంచ వెనుక దూలానికి, భీముకు, చుట్టిన దారం అయిపోవచ్చిందని. కాలర్ సర్దుకుంటే శేట్ వస్తున్నాడని. ఇంకొకటి ఉంది. ముకాదం, అంటే మేస్త్రీ, దూరం నుంచి ఏదైనా చెప్పాడనుకోండి, అందిందని చెప్పడానికి కుడిచెయ్యి తలపైకి ఎత్తాలి. ఎత్తకపోతే అతను ఇంత దూరం నడిచి రావాలి, నడిచి వచ్చినందుకు అమ్మానాన్నలందరినీ తిట్టాలి. అందుకని మొదటి రోజే కొత్తవాడికి ఒక మాట చెప్పేవాళ్లట: ముందు చెయ్యెత్తు, తర్వాత పక్కోణ్ణి అడుగు. తాత నలభై ఆరేళ్లు అలాగే చేశాడు.

ఆయనకు ఈ కాలంలో నచ్చినదేదీ లేదు. అన్నిటికన్నా ముందు గడ్డాలు నచ్చవు. "మా కార్ఖానాల మీసం పెదిమె మీదికి దిగితె ముకాదం కత్తెర తెచ్చి ఇచ్చేటోడు. ఇప్పుడు ప్రతోడు మూతి మీద చీపురు కట్టుకొని తిరుగుతుండు. దాని ఎనుక నోరున్నదో లేదో దేవునికి ఎరుక." ఇది ముఖ్యంగా తుషార్‌ను ఉద్దేశించి. తుషార్ మా చాళీలోనే మూడో ఖోలీ, తాత పక్క సాంచ మీద పనిచేసేవాడు. ముప్పై ఏళ్లుంటాయి, గడ్డం ఛాతీ దాకా ఉంటుంది.

తర్వాత ఫోను. పుణెలో ఉండే కోడలు విజయ ఆదివారం వీడియో కాల్ చేస్తుంది. ఆమె వంట చేస్తూ ఫోను ఎక్కడో ఆనించి మాట్లాడుతుంది కాబట్టి తెర మీద నుదురు, పైన ఫ్యాను మాత్రమే కనిపిస్తాయి. "ఆమె నొసలుతోని మాట్లాడుతదా? బొట్టు సూసి నేనేం సమజ్ చేసుకోవాలె? పాతకాలంల కార్డు ముక్క రాస్తె మామగారికి నమస్కారాలు అని మొదలుపెడుదురు. ఇప్పుడు ఫ్యాను సూపిస్తున్నరు" అని తాత ఫోను సీతవ్వ చేతిలో పెట్టి బయటికి వెళ్లిపోయేవాడు.

టీవీ సీరియళ్లలో ఆడవాళ్లు గోడవైపు తిరిగి ఏడుస్తారని, డాక్టర్లు కాగితం మీదికి వంగి మాట్లాడతారని, బస్సు కండక్టర్ టికెట్టు వైపు చూస్తూ అడుగుతాడని ఆయనకు కోపం. ఇక కరోనా రెండేళ్లు అయితే లోకం మొత్తం మూతికి గుడ్డ కట్టుకుంది. ఆ రెండేళ్ల గురించి ఎవరైనా రోగం మాట ఎత్తితే, తాత రోగాన్ని పక్కన పెట్టి గుడ్డను తిట్టేవాడు. షిఫ్టుకు పిలిచే మిల్లు భోంగా మోగినన్నాళ్లు ఈ ఊరికి ఒక లెక్క ఉండేదని, అది ఆగాక ఎవడు ఎప్పుడు లేస్తున్నాడో ఎప్పుడు తింటున్నాడో తెలియదని కూడా అనేవాడు.

మేమంతా నవ్వేవాళ్లం. ముసలివాళ్లకు ఏదో ఒకటి ఉంటుంది కదా అనుకున్నాం. ఆ ఫిర్యాదులన్నీ దాదాపుగా నోటి గురించే అన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

నాకు తెలిసింది కిందటేడు, అదీ అనుకోకుండా. జ్వరం వచ్చి వారం రోజులు నా గొంతు పూర్తిగా పోయింది. మొదటి రోజు తాత గుమ్మంలో నిలబడి, "ఏం పోరీ, సుట్టీనా?" అన్నాడు. జ్వరమని పెదవులు కదిపాను. శబ్దం రాలేదు. "జ్వరమైతె ఎండలెందుకు నిలబడ్డవు, లోపలికి పో" అన్నాడు. మరునాడు ఏం తిన్నావని అడిగాడు, గంజి అన్నాను. మూడో రోజు నేను చదువుతున్న పుస్తకం గురించి పెద్ద వాదం పెట్టుకున్నాడు, నేను కూడా బాగానే వాదించాను. మా అమ్మ మూడుసార్లు ఏంటని అడిగిన మాటలు ఆయన ఒక్కసారికే అందుకున్నాడు. వారం తర్వాత గొంతు తిరిగి వచ్చింది. ఆయన ఏ మార్పూ గమనించలేదు. ఆయనకు నా గొంతు ఎప్పుడూ వినబడనే లేదన్నమాట.

సీతవ్వ ఒంటరిగా ఉన్నప్పుడు అడిగాను. ఆమె బీడీకి దారం చుట్టడం ఆపలేదు.

"పన్నెండేండ్లయితుంది" అంది. "కుడిచెవు ముందు పోయింది. తర్వాత ఎడమది. ఆయనకే మెల్లగ తెలిసింది. ఎవ్వరికి చెప్పలే, నాకు గూడ చెప్పలే. నేనే కనిపెట్టిన."

"డాక్టర్‌కు చూపించలేదా?"

"చెవిటోడని పేరు పడితె సాంచ మీదికెల్లి దించి, ఊడ్వను పెడతరని ఆయన భయం. నువ్వు ఎవ్వరికి చెప్పకు తృప్తీ. ఒట్టు పెట్టు."

ఒట్టు పెట్టాను. నేను మాట దాచగలనన్న నమ్మకం ఎవరికైనా తేలిగ్గా కలుగుతుంది. నేను మాట్లాడేదే తక్కువ.

ఈ వేసవిలో దశరథ్ శేట్ పాత కార్ఖానా మూసేశారు. ఆయన కొడుకు అనికేత్ ఊరి బయట కొత్తది పెట్టాడు. అందులో నాడె లేని కొత్త మిషన్లు. నాడె అంటే పేక దారాన్ని అటూ ఇటూ మోసేది. ఆఖరి రోజు పనివాళ్లందరినీ సాంచల మధ్యే నిలబెట్టి మీటింగ్ పెట్టారు. నేను అక్కడ లేను. కానీ తుషార్ ఆ మీటింగ్ మొత్తం ఫోనులో తీశాడు, ఆ రాత్రి చాళీ గ్రూపులో పెట్టాడు. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

సాంచలన్నీ ఆగి ఉన్నాయి. అనికేత్ కార్డ్‌లెస్ మైకు పట్టుకున్నాడు, పెదవులకు ఆనించి. మైకు వెనుక అతని నోరు అస్సలు కనబడదు.

"ఈ కార్ఖానా ఇయ్యాల్టితో బంద్. వచ్చే నెల సంది అందరు కొత్త కార్ఖానాకు రావాలె. కొత్త మిషన్లు నేర్పిస్తం, ఎవ్వర్ని తీసేస్తలేం. వయసైంది, ఇంక ఆరాం తీసుకుంటం అనుకునేటోళ్లు మాత్రం చెయ్యెత్తున్రి. బలవంతమేం లేదు."

ముందు వరుసలో ఇద్దరు ముసలివాళ్లు చేతులెత్తారు. అనికేత్ చూపు అలా తిరిగి ఆరో సాంచ దగ్గర నిలబడ్డ సిద్ధరాములు తాత మీద పడింది. తాత పక్కకు చూశాడు. పక్కనున్నది తుషార్. అతని ముఖం ఫోను వెనుక ఉంది, మిగిలింది గడ్డం. అనికేత్ ఇంకా ఆయన్నే చూస్తున్నాడు. తాత కుడిచెయ్యి తలపైకి ఎత్తాడు. నిటారుగా, అరచెయ్యి విప్పి, నలభై ఆరేళ్లు ఎత్తినట్టే.

ముగ్గురికీ శాలువాలు కప్పారు, కొబ్బరికాయ చేతిలో పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. వీడియోలో తాత నవ్వుతున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన శాలువా తీయకుండానే, మే నెల ఎండలో, చాళీకి వచ్చాడు. "కొత్త కార్ఖానాకు అందరికన్న ముంగట నన్ను పిలిసిన్రు. శాలువా గూడ కప్పిన్రు. చిన్న శేట్ మంచోడు, చిన్నప్పుడు నా భుజాల మీదనే తిరిగిండు" అని కొబ్బరికాయ కొట్టి, పదకొండు ఖోలీలకూ ముక్కలు పంచాడు. నేనూ తిన్నాను. తియ్యగా ఉంది.

సాయంత్రం తుషార్ వచ్చాడు. "ఏంది కాకా, గట్ల చేసినవు? ఇంక అయిదారేండ్లు నడిపిద్దువు గద. ఆరాం కావాలన్నోళ్లు చెయ్యెత్తున్రి అంటె నువ్వెందుకెత్తినవు?" అన్నాడు. గడ్డంలోంచి తాతకేమీ అందలేదు. "ఆఁ, ఆఁ, తిను" అని ఆఖరి కొబ్బరి ముక్క అతని చేతిలో పెట్టాడు. సీతవ్వకు అందింది. చేట పక్కన పెట్టి లేచి, తాత ఎదురుగా నిలబడి, శబ్దం లేకుండా, నెమ్మదిగా, జరిగిందంతా చెప్పింది. ఆమె పెదవుల్ని నేను కూడా చదవగలిగాను.

తాత శాలువా తీసి మడత పెట్టాడు. తర్వాత చాళీ అంతా వినబడేలా, "నేనే వద్దన్న. అరె, అదొక కార్ఖానానా? ఏసీ పెట్టిన్రట. ఏసీల దారం తడుస్తదా ఆరుతదా ఎవనికన్న ఎరుకనా? నాడె లేదట. నాడె లేకుంట నేసేది బట్టనా, జాలీనా?" అన్నాడు. తుషార్ ముఖం చూస్తే నమ్మినట్టే ఉంది.

ఆ తర్వాతి పదిహేను రోజులు తాత తిట్లు మాకు నవ్వు తెప్పించలేదు. పొద్దున్నే స్నానం చేసి, చొక్కా వేసుకుని, గుమ్మంలో కూర్చునేవాడు. కూరగాయల బండివాడి మైకును తిట్టేవాడు. నాలుగు రోజులకోసారి వచ్చే నల్లాను తిట్టేవాడు. కార్ఖానా ఉన్నన్నాళ్లు ఆయనతో మాట్లాడగలిగిన వాళ్లు ముప్పైమంది ఉండేవాళ్లు. ఇప్పుడు ఇద్దరమే, సీతవ్వ, నేను. ఎదురుగా వచ్చి నోరు విప్పి మాట్లాడాలని ఈ వీధిలో ఇంకెవరికి తెలుసు? ఒకరోజు నా దగ్గరికి వచ్చి, ఎప్పుడూ లేనంత తక్కువ గొంతుతో, "ఆ కొత్త మిషన్ నేను నేర్చుకుంట బిడ్డా. సాంచ ఏదైన పోగు పోగే. శేట్‌ను అడిగి సూద్దామా?" అన్నాడు.

ఆయన ఎవరినైనా ఏదైనా అడగడం నేను చూడటం అదే మొదటిసారి.

సీతవ్వ నన్ను వెంట వెళ్లమంది. "చెయ్యి అలవాటుల లేసిందని చెప్పు. కార్ఖానా అలవాటు ఆళ్లకు గూడ ఎరుకే. గంతే చెప్పు. వినబడదని మాత్రం అనకు. అంటె ఆయన బతకడు" అంది.

దశరథ్ శేట్ వాళ్ల ఆఫీసు ఇంటి కిందే. శేట్ కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. అనికేత్ లాప్‌టాప్ మీదికి వంగి ఉన్నాడు. తలెత్తి "రా కాకా, కూసో" అని, మళ్లీ వంగి మాట్లాడటం మొదలుపెట్టాడు. తాతకు అతని నడినెత్తి మాత్రమే కనబడుతోంది. తాత నా వైపు చూశాడు.

"తాత మళ్లీ పనిలోకి వస్తానంటున్నాడు" అన్నాను. "ఆరోజు చెయ్యి అలవాటుగా లేచింది."

"అలవాటేంది? నేనడిగింది విని, వద్దనుకుంటెనే గద ఎత్తుతరు? ఆరాం అని సాఫ్ సాఫ్ చెప్పిన నేను. శాలువా గూడ కప్పించుకున్నడు. ఇప్పుడు ఈయన జాగల వేరెటోణ్ణి పెట్టిన."

"కార్ఖానాలో ఏం చెప్పినా ముందు చెయ్యెత్తుతారు కదా" అన్నాను.

"ఆఁ? జర గట్టిగ చెప్పు" అన్నాడు అనికేత్.

మళ్లీ చెప్పాను. మళ్లీ వినబడలేదు. శేట్ కూడా పేపరు దించి, చెవి దగ్గర ఏదో సర్దుకున్నారు. గోధుమ రంగు చిన్న వినికిడి మిషన్, చెవి వెనుక. "ఏమంటుంది ఆ పిల్ల?" అని అనికేత్‌ను అడిగారు.

"ఆయనే వద్దని చెయ్యెత్తి, ఇప్పుడు మాట మారుస్తున్నడు నాన్నా" అన్నాడు అనికేత్.

తాత మాట మార్చే మనిషి అన్నారు. అది నాకు తట్టుకోవడం కష్టమైంది. ఇరవై నాలుగేళ్లలో ఎప్పుడూ రాని గొంతు అప్పుడు వచ్చింది.

"ఆయన మాట మార్చలేదు. ఆయనకు వినబడలేదు. పన్నెండేళ్ల నుంచి వినబడదు. పెదవులు చూసి అర్థం చేసుకుంటాడు. మీరు నోటికి మైకు అడ్డం పెట్టుకున్నారు."

అనికేత్ లాప్‌టాప్ మూశాడు. "అరె. ఇది ముందే చెప్పాలె గద" అన్నాడు. అతని ముఖంలో నిజంగానే బాధ ఉంది. గెలిచాననుకున్నాను.

"తృప్తీ, నువ్వు సదువుకున్నదానివి, సమజ్ చేసుకో" అన్నాడు తర్వాత. "కొత్త మిషన్లు ఏమన్న ఐతె సప్పుడు చేస్తయి. అది విని వెంటనే దూరం జరగాలె. పనిల చేరేటప్పుడు ప్రతోనికి చెవి తపాసణి, గదే టెస్టు, ఉన్నది. వినబడనోణ్ణి నిలబెట్టి, రేపు ఆయన చెయ్యి పోతె? చెయ్యెత్తకపోయినా గూడ తీసుకోను రాకపోవు. ఇప్పుడు తెలిసినంక అస్సలె రాదు."

అంటే, విని చెయ్యెత్తాడంటే ఆయనే వదులుకున్నట్టు. వినలేదంటే పనికి రానట్టు. మొదటిదైతే అడుక్కోవచ్చు, బతిమాలవచ్చు, ఇంకోసారి రావచ్చు. రెండో దారిలో తలుపు నేనే తెరిచి, నేనే మూశాను.

ఆ చెవులు పోయింది మీ కార్ఖానాలోనే కదా అని అడగాలనిపించింది. శేట్ చెవి వెనుకనున్న మిషన్ వైపు చూశాను. ఆయన చెవి కూడా అక్కడే పోయింది. కుర్చీ మాత్రం ఎక్కడికీ పోలేదు. కానీ నా గొంతు ఎంత అకస్మాత్తుగా వచ్చిందో అంత అకస్మాత్తుగా పోయింది. శేట్ పేపరు మళ్లీ ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

తాత ఇదంతా చూస్తూనే ఉన్నాడు. నేను మాట్లాడినప్పుడు నా పక్కనే కూర్చుని, మొత్తం నా ముఖం వైపే తిరిగి ఉన్నాడు. జీవితంలో మొదటిసారి నోరు బాగా తెరిచి మాట్లాడాను కదా, ఒక్క అక్షరం కూడా పోయి ఉండదు.

ఆయన లేచాడు. "చిన్న శేట్, ఈ పోరి పుస్తకాలు సదివి సదివి కథలు చెప్తది. నాకు మంచిగ వినబడుతది. నేనే సోచాయించి చెయ్యెత్తిన. మీ మిషన్లు నాకు నచ్చలే. నా అసొంటి సాంచకారి అక్కడ ఏం చేస్తడు, బటన్ నొక్కుతడా?"

అనికేత్ ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించాడు. సొరుగు మీదికి వంగి ఏదో వెతుకుతూ, "సరే కాకా. చాయ్ తాగి పో" అన్నాడు. తాత అప్పటికే గడప దాటాడు. ఆ వంగిన తల ఏమన్నదో ఆయనకు తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు నా కంటే పది అడుగులు ముందు నడిచాడు. వెనుక ఆటో హారన్ కొట్టింది, మళ్లీ కొట్టింది. నేను పరుగెత్తి ఆయన మోచెయ్యి పట్టి పక్కకు లాగాను. చెయ్యి విదిలించుకున్నాడు.

పాత సాంచలు వారం తర్వాత లారీల్లో పోయాయి, తుక్కు కింద. తాత చూడటానికి వెళ్లలేదు. లారీలు మా వీధిలోంచే పోతే, గుమ్మంలో కూర్చుని డ్రైవర్లను మాత్రం తిట్టాడు, తోలడం రాదని.

సీతవ్వ నన్నేమీ అనలేదు. "చెప్పకన్న గద" అని ఒక్కసారి అంది. అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తాత మాత్రం ఆ రోజు నుంచి నా ముఖం వైపు చూడలేదు. మామూలు మనుషులు కోపమొస్తే మాట్లాడటం మానేస్తారు, అయినా ఎదుటివాళ్ల మాట చెవిన పడుతూనే ఉంటుంది. ఆయన చూడటం మానేస్తే ఆ ఇంట్లో నేను ఏం చెప్పినా చెప్పనట్టే.

నిన్న ధైర్యం చేసి వెళ్లాను. పొద్దున్న తొమ్మిది గంటలు. ఆయన చొక్కా వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. ఎదురుగా నిలబడ్డాను. ఆయన నల్లా వైపు చూశాడు. నల్లా వైపు జరిగాను. వీధి వైపు చూశాడు. వీధిలోకి దిగి, ఆయన కళ్లకు సూటిగా మెట్టు కింద కూర్చుని, "తాతా" అన్నాను, నోరు బాగా తెరిచి.

ఆయన కళ్లు మూసుకున్నాడు.

లోపల సీతవ్వ కత్తెర ఆగింది. కాసేపటికి మళ్లీ ఆకులు కత్తిరించడం మొదలుపెట్టింది.